మా అత్తగారికి పెళ్ళిచూపులు

ఇల్లు మరీ శుభ్రంగా ఉండటం వల్ల కొంప మునిగినవాళ్ళను మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. సిడ్నీ మహానగరంలో, గిరావీన్‌లో, పట్టపగలు, నా రెండు చేతులతో నేనే ముంచుకున్నాను. వరదలు, బుష్‌ఫైర్లు ఏవీ సాయానికి రాలేదు. ఒక చీపురు, ఒక పట్టుచీర, హారిస్ పార్క్‌లో కొన్న జీడిపప్పు పొట్లం, వీటితోనే పని పూర్తయింది. కొన్నేళ్ళ కిందటి మాట కనుక ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను. అప్పుడు మా ఇంట్లో నవ్వింది మా అత్తగారొక్కరే.

ఆవిడకి ఎనభై దాటాయి. స్నానం చేయకుండా దీపం పెట్టరు, దీపం పెట్టకుండా కాఫీ ముట్టరు. అంటే ఆవిడ స్నానం ఆగితే స్వామికి వెలుగు లేదు, ఆవిడకి కాఫీ లేదు, మాకెవరికీ మనశ్శాంతి లేదు. మా ఇంటి రాజ్యాంగం మొత్తం ఆ బాత్రూం మీదే నిలబడి ఉంది.

ఒకరోజు పొద్దున్న ఆ బాత్రూంలోంచి ధడేల్‌మని చప్పుడు. గుండె చేత్తో పట్టుకుని పరుగెత్తాను. అత్తగారు నేలమీద చతికిలబడి ఉన్నారు. చేతిలో టవల్ కడ్డీ. కాలు జారి దాన్ని పట్టుకుంటే, అది గోడలో ఉండలేక ఆవిడతో పాటే వచ్చేసింది. గద పట్టుకుని యుద్ధం మధ్యలో కాసేపు విశ్రాంతి తీసుకుంటున్న భీముడిలా ఉన్నారు.

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?"

"నాకేం తగల్లేదు గానీ, ఈ కడ్డీ మీ ఆయన బిగించిందేనా?"

"అవునత్తయ్యా."

"అనుకున్నాను."

దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. ధైర్యం విరిగింది. ఆ మర్నాటి నుంచి బాత్రూం గడప దగ్గర ఆగి, కొండెక్కేవాళ్ళు మొదటి మెట్టుకు మొక్కినట్టు ఒక దణ్ణం పెట్టుకుని గానీ లోపలికి వెళ్ళేవారు కాదు. నేను నీళ్ళు పోస్తానంటే సిగ్గుపడేవారు. బతిమాలితే ఎలాగో ఒప్పుకున్నారు. ఆవిణ్ణి వంగి లేపీ, వంగి కూర్చోబెట్టీ, నా నడుం ఒకరోజు వంగినచోటే ఆగిపోయింది. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం, ఇద్దరం గోడలు పట్టుకుని నడుస్తున్నాం. మా వారు మధ్యలో నిలబడి ఎవరికి చెయ్యివ్వాలో తెలియక తికమకపడుతున్నారు.

చివరికి ఆయనే ఎక్కడో కనుక్కుని వచ్చారు.

"ఇక్కడ పెద్దవాళ్ళకి గవర్నమెంటు వాళ్ళు సాయం చేస్తారట. బాత్రూంలో గట్టి కడ్డీలు వేయిస్తారు, కూర్చుని పోసుకోవడానికి కుర్చీ ఇస్తారు, స్నానం చేయించడానికి మనిషిని కూడా పంపిస్తారు. ముందు ఒక అసెసర్ ఇంటికి వచ్చి చూస్తుంది."

"ఏం చూస్తుంది?"

"అమ్మ ఏం చేసుకోగలదు, ఏం చేసుకోలేదు అని."

అయ్యలారా, అమ్మలారా, నేను పప్పులో కాలేసింది సరిగ్గా ఇక్కడ. 'ఏం చేసుకోలేదు' అన్న మాట నా చెవి గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పుకోలేక వెనక్కి పోయింది. 'ఇంటికి ఒకావిడ చూడ్డానికి వస్తోంది' అన్నది మాత్రం లోపలికి వచ్చి కూర్చుంది.

నాకు చదువు చెప్పింది మా నాన్నగారే, ఇంట్లోనే. ఎవరైనా బాగున్నారా అని అడిగితే 'దేవుడి దయ, బాగున్నాం' అనాలి, వచ్చినవాళ్ళ ముందు మన కష్టాలు పరిస్తే ఇక వాళ్ళు కూర్చోడానికి చోటెక్కడుంటుంది అనేవారాయన. లెక్కలూ వ్యాకరణమూ అంతంతమాత్రంగా వచ్చాయి గానీ ఈ పాఠం మాత్రం ఎముకల్లోకి ఇంకిపోయింది.

కనుక ఏం చేశానంటే, ఇల్లు తోమాను. అత్తగారి వాకర్ హాల్లో ఆస్పత్రిలా కనిపిస్తోందని గ్యారేజీలోకి నెట్టాను. మాత్రల డబ్బాలు బియ్యం డ్రమ్ములో దాచాను. మా స్నేహితురాలు వాళ్ళ నాన్నగారి కోసం కొని మాకిచ్చిన కమోడ్ కుర్చీ, అంటే కాళ్ళున్న మరుగుదొడ్డి, ఒకటుంది. గ్యారేజీలో చోటు చాలక, దానిమీద మంచి కలంకారీ దుప్పటి కప్పి, హాల్లో ఒక మూలకి జరిపాను. ఆ తర్వాత అత్తగారికి తల దువ్వి, మామిడిపిందెల అంచు పట్టుచీర కట్టాను.

"అమ్మాయ్, ఎవరికే పెళ్ళి?"

"మిమ్మల్ని చూడ్డానికి వస్తున్నారత్తయ్యా."

"ఈ వయసులోనా! అబ్బాయి ఏం చేస్తాడు?"

"హాస్యాలాడకండి. కాస్త నవ్వుమొహంతో ఉండండి, చాలు."

ఆ వచ్చినావిడ పేరు జూలీ. మెడలో కార్డు, చంకలో ల్యాప్‌టాప్, మొహం నిండా చిరునవ్వు. గుమ్మంలోనే బూట్లు విప్పింది, నా మనసు నిండిపోయింది. హాల్లో సోఫా ఉంది. భోజనాల బల్ల చుట్టూ కుర్చీలున్నాయి. భగవంతుడు మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాడు. జూలీ నాలుగువైపులా చూసి, నేరుగా వెళ్ళి కలంకారీ కుర్చీలో కూర్చుంది.

"వాట్ ఎ లవ్లీ చెయిర్!"

"థాంక్యూ. ఫ్యామిలీ చెయిర్" అన్నాను. నాలుక అదే అనేసింది, నేను కాదు.

"అమ్మాయ్, ఆవిడ కూర్చున్నది..." అన్నారు అత్తగారు.

"అత్తయ్యా, మీరు నవ్వుమొహం చాలు."

కాఫీ కప్పుతో తన ఆఫీసు గదిలోంచి వచ్చిన మా వారు ఆ దృశ్యం చూసి, కప్పుతో సహా అలాగే వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయి తలుపేసుకున్నారు. ఆ రోజు ఆయనకి ఉన్నట్టుండి చాలా మీటింగులు వచ్చాయి.

జూలీ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆవిడ అడగడం, నేను తెలుగులో చెప్పడం, అత్తగారు జవాబివ్వడం, నేను దాన్ని కడిగి తుడిచి ఇంగ్లీషులో పెట్టడం.

"నడక ఎలా ఉందని అడుగుతున్నారు అత్తయ్యా."

"మోకాళ్ళు పట్టేస్తున్నాయి, వాకర్ లేకపోతే రెండడుగులు కూడా వేయలేనని చెప్పు."

"షీ ఈజ్ గుడ్. గాడ్స్ గ్రేస్" అన్నాను.

"చూడొచ్చా?" అంది జూలీ. అత్తగారిని లేపాను. హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. వెనక నడుం దగ్గర ఆవిడ చీర గుప్పిట్లో బిగించి పట్టుకుని, పిల్లలకి సైకిల్ నేర్పినట్టు, నేనూ నడిచాను.

"మీరెందుకు వెనకాలే వెళ్తున్నారు?"

"రెస్పెక్ట్" అన్నాను. "మాలో పెద్దవాళ్ళ వెనకే నడవాలండి."

జూలీ మురిసిపోయింది. మా సంప్రదాయం ఎంత గొప్పదో టకటకా టైపు చేసుకుంది.

ఈలోగా పులిహోర, బొబ్బట్లు, జీడిపప్పు పకోడీ తెచ్చి ముందు పెట్టాను. "ఇవన్నీ మీ అత్తగారే చేశారా?" అని అడిగింది. పెద్దవాళ్ళు ఎదురుగా ఉండగా నేను చేశానని ఎలా చెప్పుకుంటాం చెప్పండి? "అంతా ఆవిడ చేతి చలవేనండి" అన్నాను. ఇంగ్లీషులో అది 'ఎవ్రీథింగ్ హర్ హ్యాండ్' అయింది.

చివరికి అసలు ప్రశ్న. స్నానం సంగతి. మేం ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న.

అత్తగారు మొహంలోంచి నవ్వు తీసేసి, గొంతు తగ్గించి అన్నారు. "భయంగా ఉంటోందని చెప్పమ్మా."

నేను జూలీ వైపు చూశాను. ముక్కూమొహం తెలియని మనిషి. నోట్లో మా బొబ్బట్టు. ఇంటి పెద్ద స్నానం గురించి ఈవిడతోనా చెప్పడం?

"ఎవ్రీ డే" అన్నాను. "వెరీ క్లీన్ లేడీ."

అత్తగారు నన్ను ఒక్కక్షణం చూసి, ఒక పకోడీ నోట్లో వేసుకున్నారు.

కొన్నాళ్ళకి ఫోనొచ్చింది. మా వారు స్పీకర్లో పెట్టారు. మీ అమ్మగారు అద్భుతంగా ఉన్నారు, ఆ వయసులో ఇంటిల్లిపాదికీ వండిపెడుతున్నారు, ప్రస్తుతానికి ఆవిడకి మా సాయం అక్కర్లేదు అన్నారు అవతలివాళ్ళు. వాళ్ళు అక్కడితో ఆపలేదు.

"అయితే ఇంట్లో ఇంకొకావిడ ఉన్నారట. నడుం పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఒక్కసారి కూడా కూర్చోకుండా మీ అమ్మగారి వెనకాలే తిరుగుతున్నారట. మా అసెసర్ ఆవిడ గురించి బెంగపెట్టుకున్నారు. ఆవిడకేమైనా సాయం కావాలా?"

"ఏమంటున్నార్రా? సంబంధం నచ్చిందా?" అన్నారు అత్తగారు.

"మరీ నచ్చేసిందమ్మా. నీలో ఏ లోటూ లేదట. లోటంతా నీ కోడలిలోనే ఉందట."

అత్తగారు నవ్విన నవ్వుకి కళ్ళజోడు ఒళ్ళో పడింది.

కానీ మర్నాడు పొద్దున్న ఆవిడ నవ్వలేదు. బాత్రూం గడప దాకా వచ్చి, చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగారు. "ఇవాళ తడిగుడ్డతో తుడుచుకుంటానులే. దీపం నువ్వు పెట్టు" అన్నారు. కాఫీ ఇస్తే వద్దన్నారు. నేను దీపం పెట్టి స్వామి మొహంలోకి చూడబోతే, ఆయనెందుకో ఆ రోజు నా వైపు చూస్తున్నట్టు అనిపించలేదు.

"ఏం చెప్పి అయినా సరే, ఆవిణ్ణి మళ్ళీ రప్పించండి" అన్నాను మా వారితో.

"ఈసారి మేళం కూడా పిలవనా?" అన్నారాయన. అనే హక్కు ఉంది, పడ్డాను.

జూలీ మళ్ళీ వచ్చింది. హాల్లో వాకర్ వాకర్‌లా, మాత్రలు మాత్రల్లా, కుర్చీ దుప్పటి లేకుండా ఉన్నాయి. జూలీ ఆ కుర్చీని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా సోఫాలో కూర్చుంది. బంగారుతల్లి. ఆ మర్యాదకి ఇప్పటికీ ఆవిడ పేరున స్వామికి ఒక పువ్వు పెడుతుంటాను.

"ఈసారి తెలుగు దుభాషి ఫోన్లో ఉంటారు. మీరు కాసేపు వంటగదిలో ఉంటారా, ప్లీజ్?" అంది. వెళ్ళాను. తలుపు వేయమని మాత్రం చెప్పలేదు కదా.

"నమస్కారమండి అమ్మగారూ" అని ఫోన్లో ఎవరో కుర్రాడి గొంతు.

"ఏ ఊరు బాబూ మీది?"

"అలాంటివి చెప్పకూడదండి. నేను అనువాదం మాత్రమే చేయాలి."

"ఊరు చెబితే అనువాదం పాడైపోతుందా?"

పాపం, నియమం తప్పని పిల్లాడు, అది కూడా జూలీకి ఇంగ్లీషులో చెప్పాడు.

"ఇంట్లో మీకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నదేమిటని అడుగుతున్నారండి."

"మా కోడలు, బాబూ."

వంటగదిలో నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఫోన్లో కుర్రాడూ ఆగిపోయాడు.

"అదే... చెప్పమంటారా అండి?"

"ఉన్నదే చెప్పు. నన్ను పువ్వులా చూసుకుంటుంది, వంక పెడితే కళ్ళు పోతాయి. కానీ నాకు బాగోలేదని చెప్పుకోడానికి ఇంత సందు ఇవ్వదు. నేను నొప్పి అంటే తను దేవుడి దయ అంటుంది. దేవుడి దయ సంగతి నాకూ తెలుసు బాబూ. ఆయనకి నా మోకాళ్ళ సంగతీ తెలుసు. ఆయన దగ్గర దాచనిది ఈ దొరసానమ్మ దగ్గర దాచడం దేనికి? స్నానాల గదిలో అడుగు పెడితే కాళ్ళు వణుకుతున్నాయి. పడితే పోతానేమోనని కాదు. పోకుండా పడుంటానేమోనని. అప్పుడు ఆ పిల్ల నడుం ఏం కావాలి?"

నేను ఉల్లిపాయలు తరుగుతున్నానని చెబుదామంటే, ఆ రోజు ఏకాదశి. కనుక నా కళ్ళు ఎందుకు అలా అయ్యాయో మీరే ఊహించుకోండి.

అన్నీ మంజూరయ్యాయి. గోడకి గట్టి కడ్డీలు పడ్డాయి. అవి బిగిస్తున్నంతసేపూ మా వారిని అత్తగారు హాల్లోంచి కదలనివ్వలేదు. కూర్చుని పోసుకునే కుర్చీ వచ్చింది. స్నానం చేయించే అమ్మాయి ఫలానా రోజు పొద్దున్న వస్తుందని చెప్పారు. పేరు లీసా.

కథ ఇక్కడితో ఆగితే నేను బుద్ధిమంతురాలినయ్యేదాన్ని.

ఆ రోజు తెల్లవారుతూనే నాకు మెలకువ వచ్చింది. పరాయి పిల్ల మొదటిసారి మన గడప తొక్కుతోంది. బాత్రూం అలా ఉంటే ఏమనుకుంటుంది? తోమాను. పెద్దావిడ స్నానం లేకుండా, నలిగిన చీరతో ఎదురుపడితే ఏం బాగుంటుంది? అత్తగారిని లేపి కొత్త కుర్చీలో కూర్చోబెట్టి, శుభ్రంగా నీళ్ళు పోసి, ఉతికిన చీర కట్టాను. ఆవిడ దీపం పెట్టుకున్నారు. కాఫీ కప్పుతో హాల్లో కూర్చున్నారు.

లీసా వచ్చింది. ఏప్రాన్ కట్టుకుంది, గ్లవ్స్ తొడుక్కుంది. "రెడీ ఫర్ ది షవర్?" అని ఉత్సాహంగా అత్తగారి వైపు తిరిగి, ఆగిపోయింది. తర్వాత నా వైపు చూసింది. నేను తల నుంచి కాళ్ళ దాకా తడిసి, ఒక చేత్తో నడుం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఆల్రెడీ డన్" అన్నాను.

"దెన్ వాట్ డూ ఐ డూ?"

"ఏమంటోందే?" అన్నారు అత్తగారు.

"ఇక తనేం చేయాలని అడుగుతోందత్తయ్యా."

అత్తగారు నింపాదిగా ఇంకో గుక్క కాఫీ తాగి, కప్పు కింద పెట్టారు.

"పాపం, అంత దూరం నుంచి వచ్చింది, పని లేకుండా పంపిస్తే బాగుండదు. నీకు పొయ్యమను."

అప్పటికప్పుడు దేవుడి గదిలోకి వెళ్ళి, కర్పూరం వెలిగించి, ఆ తడిచీరతోనే ప్రమాణం చేశాను: "స్వామీ, మాకు సాయం చేయమని నువ్వు పంపిన మనుషులకి ఇకమీదట నేను సాయం చెయ్యను."