తాడు పక్కన నిలబడేవాళ్లు

పాత చాసిస్ మీద గ్రైండరు పెడితే ముందు రంగు కాలుతుంది, తర్వాత తుప్పు. ఉప్పుగాలి తిన్న తుప్పుది అదో రకం తడి వాసన. ఈ ఉదయం మా ఊరి జీపును షెడ్డులోకి తోయించి, ముందు బంపరు విప్పి గ్రైండరు ఆన్ చేశానో లేదో ఆ వాసన ముక్కుకు తగిలింది. కోయాల్సింది మస్తానన్న చేత్తో వేసిన వెల్డింగు. చెయ్యి ఆడక, గ్రైండరు ఆపేసి బయటికొచ్చి కూర్చున్నాను.

మస్తానన్న గూడూరు దారిలో ఈ షెడ్డు నడిపేవాడు. కృష్ణపట్నంలో నా కాంట్రాక్టు పని పోయినప్పుడు, పెళ్లాం బిడ్డలున్నవాడినని పిలిచి పని ఇచ్చాడు. మనిషి మహా కోపిష్టి. టీ చల్లారితే కోపం, చల్లారుతోందని గుర్తు చేస్తే ఇంకా కోపం. పాత వెల్డింగు మీద కొత్తది వేశామా, ఆ పూటంతా మా వంశాన్ని తలుచుకునేవాడు. “కుళ్లినదాని మీద అతుకేస్తే అది పనా అబ్బయా? కోసి పారెయ్, కొత్తది పెట్టు” అనేవాడు. వెల్డింగు నాకు అంతకుముందే వచ్చు. దాన్ని చూసి భయపడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మాది సముద్రం ఒడ్డు ఊరు. తుఫాను చెబితే పడవలన్నీ ఇసుక మీదికి, సరుగుడు తోట దాకా లాక్కోవాలి. అందుకని ఊరంతా కలిసి ఒక పాత జీపు కొని, ముందు బంపరుకు వించి పెట్టించుకుంది. మోటారు తిరిగితే వించి ఇనుప తాడును చుట్టుకుంటూ పడవను లాక్కొస్తుంది. ఆ బరువంతా పడేది బంపరును చాసిస్‌కు పట్టి ఉంచే బిగింపుల మీదే.

ఒకసారి ఆ పని చూద్దామని మస్తానన్న నాతో వచ్చాడు. మా ఊళ్లో తాడు లాగుతుంటే చేతులు కట్టుకుని చూడటం తప్పు. అలా చూసినవాణ్ణి ఊరివాడిగా లెక్కపెట్టరు. జీపు వచ్చినా ఆ అలవాటు పోలేదు. మోటారు లాగుతుంటే ముసలీ ముతకా అంతా బిగిసిన ఇనుప తాడు మీద చెయ్యేసి, హైలెస్సా అంటూ పక్కనే నడుస్తున్నారు. ఆయన ముఖం పాలిపోయింది.

“తాడు వదలండయ్యా! బంపరు ఊడొచ్చిందంటే మనుషులు మిగలరు!” అని అరిచాడు.

అందరికంటే ముందున్న మా అన్న గోవిందు నవ్వాడు. “ఊరికే నిలబడి చూసేది మాకు చాతకాదు మస్తానన్నా.”

తిరుగుదారిలో ఆయన, “వీళ్లు మారరబ్బయా. మనం ఇనుమునే గట్టి చేసుకోవాల” అన్నాడు.

అప్పట్నుంచి వానలకు ముందు జీపు మా షెడ్డుకు రావాల్సిందే. ఒక ఏడు బంపరు విప్పి చూస్తే చాసిస్ కొనలు అప్పడాల్లా ఉన్నాయి. బోల్టుల చుట్టూ బీటలు. ఎవరో పైన తారు పూసి కప్పెట్టారు. కుళ్లింది కోసేసి, బరువు ఒక్కచోటే పడకుండా మందపాటి ప్లేట్లు వెనక దాకా వెయ్యాలి. ఆ పని మొదలుపెట్టేలోపే తుఫాను కబురు వచ్చింది. వెనకే మా అన్న పరిగెత్తుకొచ్చాడు. అతని పడవ, ఏరు సముద్రంలో కలిసే మొగలో, బురదలో ఇరుక్కుంది.

“ఉన్నది ఉన్నట్టే బిగించియ్యన్నా. ఒక్క లాగుడు చాలు.”

“ఇయ్యను.”

“మా ఇంటి పడవన్నా అది” అన్నాను నేను.

“తెలుసు. తాడు మీద చెయ్యేసేది కూడా మీ అన్నే కదరా!”

జీపు తాళం జేబులో వేసుకుని మోటారు సైకిలు మీద మా కంటే ముందే ఊరు చేరాడు. మామూలు మోకులు పట్టుకుని ఊరితో పాటు వానలో లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. మిగతా పడవలు గట్టెక్కాయి. అన్న పడవ మాత్రం కదల్లేదు. తుఫాను వెలిశాక మొగలో నీళ్లు తప్ప ఏమీ లేవు.

అన్న మళ్లీ ఆయన ముఖం చూడలేదు. పోయిన పడవ అందరికీ కనిపిస్తోంది. పోకుండా ఆగిన ప్రాణాన్ని నేనెవరికి చూపించను? తుఫాను తర్వాత కొత్త ప్లేట్లు వేసేటప్పుడు ఆయన కోసి తీసిన బీటల ముక్కనైనా అన్నకు చూపిద్దామంటే మస్తానన్న వద్దన్నాడు. ఒక సాయంత్రం తనంతట తనే అన్నాడు: “ఒక్క లాగుడుకు ఓర్చుకుని ఉండునేమో అబ్బయా. నాకూ తెలీదు.” ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం వస్తుంది. ఖాయంగా తెలిసి కాదన్నాడనుకున్నాను. తెలియకపోయినా కాదనేసి, ఆ బరువు ఒక్కడే మోశాడు.

తర్వాత జబ్బుపడి పోయాడు. ఖబరస్తానుకు అన్న రాలేదు.

లేచి లోపలికి వెళ్లాను. ఆయన వెల్డింగు అంచున ఉప్పు మళ్లీ పాకింది. దాని మీదే ఇంకో వరస వేస్తే ఆయన గుర్తు మిగిలేది. కానీ ఆయన ఒప్పుకోడు. మొత్తం కోసేసి కొత్త ప్లేట్లు వేశాను.

మా అన్న ఇప్పుడు పరాయి పడవ మీద వాటాకు వెళతాడు. పడవలు లాగే రోజు ఊరంతా పడవ వైపు చూస్తే, నేను బంపరునే చూస్తుంటాను. ఇనుప తాడు బిగుసుకుని మూలుగుతుంది. దాని మీద, అందరికంటే ముందు, మా అన్న చెయ్యి ఉంటుంది.