జాన సారూ, నా ఒంటి వరుస ప్రోగ్రామూ

నేను వనపర్తిలో ఎంసీఏ చదివే ఆ రోజుల్లో తెలివితేటలను కాగితాలతో లెక్కగట్టేవాళ్లు. పరీక్ష హాల్లో ఎవరైనా లేచి ఇంకో అడిషనల్ షీటు అడిగారంటే మిగతావాళ్ల గుండెల్లో రాయి పడేది. మా ప్రోగ్రామింగ్ సారు ఇంకో అడుగు ముందుకేసి, జవాబు మీద బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానలతో కొలిచేవారు. జానెడుంటే పాసు, పేజీ తిప్పి కొలవాల్సి వస్తే ఫస్టు క్లాసు. (ఇంకాస్త చిన్న చెయ్యి ఉన్న సారును ఇవ్వకపోయావా అని దేవుడికి మొరపెట్టుకున్న రోజులున్నాయి.) అందుకే ఆయన మాకు జాన సారు. ఆ పేరు ఆయనకూ తెలుసు, ఏమీ అనుకునేవారు కాదు.

సరిగ్గా అలాంటి చోట నాకు పొట్టి ప్రోగ్రాముల పిచ్చి పట్టింది. బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో ఒక పోటీ చూశాను. ఇచ్చిన పనిని ఎవరి ప్రోగ్రాం తక్కువ అక్షరాల్లో చేస్తే వాళ్లదే గెలుపు. అందులో హాస్కెల్ అనే భాషలో కొందరు రాసినవి చూసి నాకు మతి పోయింది. మేం నేర్చుకున్న సీ భాషలో ప్రతి అడుగూ విడమర్చి చెప్పాలి. ఇందులో ఒక ఫంక్షన్ తన పని చేసి పక్క ఫంక్షన్ చేతికి అందిస్తుంది, అంతే. ఇక నాకు ఒక ఖాళీ తగ్గితే పండగ, ఒక బ్రాకెట్ ఎగిరిపోతే జాతర. చివరికి ఇంటికి ఫోన్ చేసినా "బాగున్న, తిన్న, పెడ్తున్న" అని ముగించేదాన్ని. వడ్డేపల్లి దగ్గర విత్తనాల కోసం సీడు పత్తి వేసే మా నాన్నకు ఈ పొదుపు చూసి, చదువు సాగట్లేదేమోనని అనుమానం వచ్చింది. "ఒక్క పేపరు పోయినా సదువు బందువెట్టి క్రాసింగుకు రా బిడ్డా. సేన్ల మనుషులు దొర్కుతలేరు" అన్నాడు. క్రాసింగంటే ఒక్కో పత్తి పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దడం. నా చిన్నప్పటి సెలవులన్నీ అందులోనే పోయాయి కాబట్టి నాకు నిజంగానే భయమేసింది.

ల్యాబ్ పరీక్ష వచ్చింది. భాష మీ ఇష్టమని సారు ముందే ఉదారంగా ప్రకటించి ఉన్నారు. ఒక ఫైల్లోని వరుసలను చివరి నుంచి మొదటికి అచ్చు వేయాలి, అదీ ప్రశ్న. ఆ ఫైలు మరేదో కాదు, కాలేజీ వార్షికోత్సవానికి సారు స్వయంగా రాసిన నివేదిక. (ఎంత పొడుగో మీరే ఊహించుకోండి.) ముందు ప్రోగ్రాం కాగితం మీద రాసి చూపించాలి, ఆ తర్వాతే కంప్యూటర్. కొందరు చూపించి కంప్యూటర్ల ముందుకు చేరారు, మిగతావాళ్లు ఇంకా షీట్ల మీద షీట్లు నింపుతుంటే నేను ఇంత రాసి తీసుకెళ్లాను:

main=interact$unlines.reverse.lines

వరుసలుగా విడగొట్టు, తిరగెయ్యి, మళ్లీ కలుపు. సారు అలవాటుగా చెయ్యి చాపారు. చిటికెనవేలికి పని దొరకలేదు.

"ఏందమ్మా ఇది? జవాబేది?"

"గదే సార్."

"వేలెడు గూడ లేదు గదా. దీనికి నేను మార్కులెట్ల ఎయ్యాలె? ఫెయిలైతవు."

నా కళ్ల ముందు పత్తి చేను కనిపించింది. పక్కన కూర్చున్న ఎక్స్‌టర్నల్ మేడమ్, హైదరాబాద్ నుంచి వచ్చినావిడ, పొట్టిదో పొడుగుదో తనకు అనవసరమనీ, ఔట్‌పుట్ కాగితం మీదికి వస్తేనే మార్కులనీ తేల్చేసింది. ఈ వాదన నడుస్తుండగానే కరెంటు రెండుసార్లు వచ్చి పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ఏనాడో చచ్చిపోయాయి. వెనక నా స్నేహితులు సగం కొట్టడం, సేవ్ చేయాలని గుర్తొచ్చేలోగా తెర నల్లబడటం, అందరూ ఒక్క గొంతుతో ఉసూరుమనడం. నేను వెళ్లి కూర్చున్నాక కరెంటు మళ్లీ వచ్చింది. కంప్యూటర్ మూలుగుతూ లేచింది. ఒక్క ఊపిరిలో నా వరుస కొట్టి, నడిపి, ప్రింటర్‌కు పంపాను. అది కిర్రు కిర్రుమంటూ ఎక్కడా తెగని గొలుసు కాగితం కక్కడం మొదలుపెట్టింది. నివేదిక వందన సమర్పణతో మొదలై, కాలేజీ ప్రగతినంతా వెనక్కి నడిపించి, స్వాగత వచనాలతో ముగిసింది. చివరి వరుస పడ్డాక ఫ్యాన్లు ఆగిపోయాయి. మిగతావాళ్లందరికీ పరీక్ష ఇంకో రోజుకు వాయిదా పడింది.

మేడమ్ ఆ కాగితం చదివి, నివేదిక ఇలా తిరగేస్తేనే బాగుందని నవ్వింది. సారు ఉడుక్కోలేదు. కాగితాన్ని బల్ల మీద బారుగా పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు జానలు వేసుకుంటూ వెళ్లారు. బల్ల అయిపోయింది గానీ కాగితం అయిపోలేదు. వెనక్కి తిరిగిన ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మస్తు పొడుగుందమ్మా. గిట్ల రాయాలె" అని ఫస్టు క్లాసు మార్కులు వేశారు.

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి కరెంటు దగ్గర్నుంచి కాగితం దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. అంత సంతోషం నాకు ఏ ఉద్యోగమూ ఇవ్వలేదు. ఆయనే చివరికి "సరే తియ్ బిడ్డా, ఇగ పెట్టెయ్" అన్నాడు.

ఇప్పుడు ఆఫీసులో నా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు బారెడు ప్రోగ్రాం రాసి చూపిస్తే, నాకు తెలియకుండానే తెర మీద నా చెయ్యి జాన వేస్తుంది. వాళ్లు నాకు వెనకాల ఏ పేరు పెట్టుకున్నారో అడగలేదు. సారుకు తక్కువైతే కోపం, నాకు ఎక్కువైతే కోపం. చెయ్యి మాత్రం ఆయనదే.