రెండో సెల్లార్‌లో పదిహేడో పిల్లర్

పోయిన పంద్రాగస్టుకి మా అపార్ట్‌మెంట్ వాళ్లు నాకు శాలువా కప్పారు. జెండా ఎగరేశాక మైకు పట్టుకున్నాయన ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. నన్ను మూడు ముక్కల్లో పరిచయం చేశాడు: సివిల్ ఇంజనీరు, మాజీ సైనికుడు, కుటుంబమే ప్రాణంగా బతికిన మనిషి. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ముందు వరసలో మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె మొహంలో కాస్త గర్వం కూడా కనిపించింది. నేను మాత్రం ఆ శాలువా కింద చెమటలు కక్కుతూ ఎప్పుడు అయిపోతుందా అని చూశాను. ఆయన చెప్పిన వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ మూడూ కలిసి నా చేత ఏం చేయించాయో వాళ్లకు తెలియదు, అంతే.

మాది కడప వైపు. ఆర్మీలో ఇంజనీర్ల దళంలో పన్నెండేళ్లు పనిచేశాను. కొండల్లో, వాగుల మీద ఇనప వంతెనలు కట్టేవాళ్లం. మా యూనిట్‌లో ఒక ఆచారం ఉండేది. కొత్త వంతెన మీదికి మొదటి లారీ ఎక్కేటప్పుడు దాన్ని కట్టించిన ఆఫీసరు వెళ్లి కింద నిలబడాలి. ఏ రూల్ పుస్తకంలోనూ ఆ మాట లేదు. ఎవరూ అడగరు కూడా. నిలబడని ఆఫీసరుతో మర్నాటి నుంచి జవాన్లు మాట్లాడే తీరు మారిపోతుంది. మొదటిసారి నిలబడ్డప్పుడు తల పైనున్న బోల్టుల్ని మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను. పైనుంచి మట్టి రాలి టోపీ మీద పడింది. రెండో వంతెనకి అలవాటైంది. నాలుగో వంతెనకి పొగరు వచ్చింది.

ఆర్మీ నుంచి బయటికొచ్చాక కూతురి చదువు కోసం కొండాపూర్‌లో కిరాయి ఇంట్లో దిగాం. నేను ఒక బిల్డర్ దగ్గర క్వాలిటీ ఇంజనీరుగా చేరాను. అప్పట్లో ఈ చుట్టుపక్కల బండలు పేల్చని రోజు లేదు. సైట్‌లో నా నోటికి జడిసి మేస్త్రీలు బీడీలు దాచుకునేవాళ్లు. కడ్డీకి కడ్డీకి మధ్య అంగుళం తేడా వస్తే కట్టిందంతా విప్పించేవాణ్ని. ఒకసారి శ్లాబు మొత్తం కొట్టించేశాను. మంచి ఇంజనీరునే, అందులో అనుమానం లేదు.

కాంక్రీటు పోసే ముందు ఒక కార్డు మీద ఇంజనీరు సంతకం చేయాలి. కడ్డీలు సరిగ్గా ఉన్నాయి, చుట్టూ అచ్చులా బిగించిన షట్టరింగ్ గట్టిగా ఉంది, లారీలో వచ్చిన మాలు బాగుంది, పోసుకోండి అని దానర్థం. ఆ సంతకం లేకుండా చెంచాడు కాంక్రీటు కూడా దిగకూడదు. సంతకం చేసేవాడు లారీ పక్కనే ఉండాలి. ఇది నేనే కొత్తవాళ్లకి రోజూ నూరిపోసే పాఠం.

ఆ రోజు మా అమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీలో చేరాలి. నేను పక్కన లేకపోతే పిల్ల బెదిరిపోతుందని నా నమ్మకం. నిజానికి ఆమె ఏమీ బెదరదు, నాకే వెళ్లాలని ఉంది. పొద్దున్నే సైట్‌కి వెళ్లి, రెండో సెల్లార్‌లో పదిహేడో పిల్లర్ కడ్డీలు చూసి, కార్డు మీద కాంక్రీటు వివరాల గడులు ఖాళీగా వదిలేసి, కింద సంతకం గీకి వచ్చేశాను. జీవితంలో ఒకే ఒక్కసారి. కాలేజీలో అమ్మాయి ఫొటో తీస్తుంటే మా ఆవిడ నవ్వుతూ, "ఈ పొద్దన్నా డ్యూటీ ఇడిసిపెట్టినారే" అంది.

కాంక్రీటు కలిపి తెచ్చే రెడీ మిక్స్ లారీ మదీనాగూడ దగ్గర ట్రాఫిక్‌లో మూడు గంటలకు పైగా ఇరుక్కుంది. లోపల కాంక్రీటు బిగుసుకుంటుంటే డ్రైవర్ నీళ్లు కొట్టాడు. నీళ్లు కొడితే జారుతుంది, పోయడానికి హాయిగా ఉంటుంది, బలం మాత్రం చచ్చిపోతుంది. నేనుంటే ఆ లారీని నాలుగు తిట్లు కలిపి గేటు నుంచే వెనక్కి పంపేవాణ్ని. నేను లేను. కార్డు మీద నా సంతకం ఉంది. పోసేశారు.

మర్నాడు షట్టరింగ్ విప్పాక చూశాను. రంగు పాలిపోయి ఉంది. గోటితో గీరితే పొడి రాలింది. కొట్టించేద్దామని ప్రాజెక్టు మేనేజరుతో అన్నాను. అన్నానంటే గట్టిగా అనలేదు. ఆయన "క్యూబుల రిజల్టు రానీండి సార్, అప్పుడు చూద్దాం" అన్నాడు. పోసిన కాంక్రీటులోంచే కొంత తీసి ఘనాకారపు అచ్చుల్లో పోస్తారు, ఇరవై ఎనిమిది రోజులయ్యాక ల్యాబ్‌లో నలగ్గొట్టి బలం చూస్తారు. అవే క్యూబులు. ఇరవై ఎనిమిదో రోజున అవి దర్జాగా పాసయ్యాయి. ఆ సాయంత్రం పాలమూరు వైపు మేస్త్రీ ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు.

"సార్, మీకు చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. ఆ క్యూబులు గా లారీవి కావు. యెన్క వచ్చిన లారీ మాలుతోని పోసిండ్రు."

అప్పటికి ఆ పిల్లర్ మీద మూడు శ్లాబులు లేచాయి. దాన్ని కొట్టడం కుదరదు, చుట్టూ ఇనుము కట్టి, మళ్లీ కాంక్రీటు పోసి బలపరచాలి. అంటే పని ఆగుతుంది, విచారణ అవుతుంది, ఎవరి తప్పు అన్న ప్రశ్నకి మొట్టమొదట బయటపడేది నా ఖాళీ కార్డే. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. భయపడ్డాను అని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు, కానీ జరిగింది అదే.

ఆ తర్వాత నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. అదే బిల్డింగులో, సరిగ్గా ఆ పిల్లర్ మీద, మూడో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నాను. కట్టించినవాడు కింద నిలబడాలి కదా, నేను పైన కాపురమే ఉంటాను, ఇంతకంటే నిజాయితీ ఏముంటుంది అనుకున్నాను. చాలా ఏళ్లు ఆ మాటతోనే తల ఎత్తుకుని తిరిగాను. మా ఆవిడ మాత్రం "పై అంతస్తు అయితే గాలి వస్తాది గదా, మూడోది ఎందుకు?" అని అడిగింది. "మన చేత్తో కట్టిన బిల్డింగు, నువ్వు కళ్లు మూసుకుని ఉండొచ్చు" అన్నాను. నమ్మింది. పాలు పొంగించింది.

పదకొండేళ్లు ఉన్నాం. ప్రతి ఆదివారం పొద్దున కారు తుడిచే వంకతో రెండో సెల్లార్‌కి దిగేవాణ్ని. పదిహేడో పిల్లర్ తలభాగంలో వెంట్రుకంత పగులు ఒకటి ఉండేది. అది ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టేవాణ్ని. మొదటి మూడేళ్లలో జానెడు పెరిగి ఆగిపోయింది. ఆగిపోయిందనే అనుకునేవాణ్ని, కానీ వర్షాకాలంలో మళ్లీ దడ మొదలయ్యేది. మా అమ్మాయికి ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది, గచ్చిబౌలిలో కాపురం పెట్టింది, పాప పుట్టింది. పాప పగలంతా మా దగ్గరే. అదే పిల్లర్ మా హాలు మూలలోంచి పైకి వెళ్తుంది. పాప మధ్యాహ్నం పడుకునే మంచం దానికి ఆనించి వేసింది మా ఆవిడ, అక్కడైతే ఎండ పడదని. నేను రెండుసార్లు మంచం జరిపాను. రెండుసార్లూ ఆమె మళ్లీ అక్కడే వేసింది. ఎందుకు జరుపుతున్నానో చెప్పలేక గొణుక్కున్నాను.

శాలువా కప్పిన నెలలోపే ఇది జరిగింది. అసోసియేషన్ వాళ్లు సెల్లార్ పిల్లర్లకి పసుపు, నలుపు పట్టీలు వేయిస్తున్నారు, కార్లు గుద్దుకోకుండా. నాకు తెలియదు. ఆదివారం పొద్దున దిగేసరికి పదిహేడో పిల్లర్‌కి పుట్టీ రుద్ది, రంగు వేసేశారు. పగులు లేదు, గీతలు లేవు. నాకు ఒళ్లు తెలియలేదు. పెయింటర్ల మీద పడి నోటికొచ్చినట్టు తిట్టాను. ఒకతని చేతిలో బ్రష్ లాక్కుని విసిరేశాను. గోళ్లతో తడి రంగు గీరడం మొదలుపెట్టాను.

సెక్యూరిటీ గార్డు పరుగున వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "సార్, జర ఆగుండ్రి సార్. పెయింటుకు గింత పరేషాన్ ఏంది?" అని, వినకపోయేసరికి ఇంటర్‌కామ్‌లో మా ఇంటికి చేశాడు. "మేడం, సార్‌కి తబియత్ బాగున్నట్టు లేదు, మీరు జర కిందికి రాండ్రి."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా గోళ్ల నిండా పసుపు రంగు చూసింది.

"ఏమైంది మీకు? ఏముండాది దాంట్లో?"

చెప్పేశాను. పెయింటర్లూ గార్డూ దూరంగా నిలబడి ఉండగానే, కార్డు దగ్గర్నుంచి పెన్సిల్ గీతల దాకా మొత్తం చెప్పాను. ఆర్మీ ఆచారం కూడా చెప్పాను, అది వింటే నన్ను అర్థం చేసుకుంటుందని. ఆమె అంతా విని ఆ పిల్లర్‌ని కింద నుంచి పైదాకా చూసింది.

"వంతెన కింద నువ్వు ఒక్కనివే నిలబడితివి గదా," అంది. "నీ పెండ్లాన్ని, బిడ్డను తీసుకపోయి నిలబెట్టినావా ఆడ?"

పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

"ఈడ మమ్మల్ని నిలబెట్టేదానికి ఎవరినడిగినావు? పాపను ఎవరినడిగి పండబెట్టినావు?"

ప్రాణం పెట్టి ప్రేమించాననుకున్న మనుషుల్నే నేను నా తప్పుకి జామీను పెట్టాను. వాళ్లు ఉన్నారు కాబట్టే అది నిజాయితీలా కనిపించింది, నేనొక్కణ్నే ఉంటే అంత గొప్పగా అనిపించేది కాదేమో. ఇది ఆ సెల్లార్‌లో నిలబడ్డప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె పాపని తీసుకుని గచ్చిబౌలికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "పైన పద్నాలుగు అంతస్తుల మనుషులుండారు. రేపటికి నువ్వు చెప్పకపోతే నేను చెప్తా" అంది. సాయంత్రానికల్లా అసోసియేషన్‌కి చేత్తో ఉత్తరం రాసి ఇచ్చాను. వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. కొందరు తిట్టారు, తిట్టాల్సిందే. మైకు పట్టుకున్న మేనేజరు, ఈ సంగతి బయటికి పొక్కితే ఫ్లాట్లు అమ్ముడుపోవు కాబట్టి ఎవరూ ఎక్కడా మాట్లాడొద్దని మెసేజ్ పెట్టాడు. దానికి చాలామంది బొటనవేలు గుర్తు నొక్కారు. నాతో లిఫ్టులో ఎక్కడం మానేశారు. అమ్మాయి ఫోన్ ఎత్తడం మానేసింది.

పిల్లర్ చుట్టూ ఇనప గొట్టాలు ఆనించి, నగరంలో పేరున్న ఒక నిపుణుణ్ని పిలిపించారు. పిల్లర్‌లోంచి గుండ్రటి ముక్కలు కోసి ల్యాబ్‌కి పంపారు. ఆ పది రోజులు నేను ఇంట్లోనే ఉన్నాను. వండుకున్నాను, తినలేకపోయాను. హాల్లో పాప మంచం మీదే పడుకున్నాను.

రిపోర్టు వచ్చింది. ఉండాల్సిన బలం లేదు, కానీ మోస్తున్న బరువుకి సరిపడా ఉంది. పగులు పైపై ప్లాస్టరుదే. చుట్టూ ఒక కాంక్రీటు తొడుగు వేస్తే ఇక భయం లేదని రాశారు. కాగితం చేత్తో పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వెంటనే అమ్మాయి ఇంటికి ఫోన్ చేశాను. అల్లుడు ఎత్తి, నా గొంతు వినగానే మా ఆవిడకిచ్చాడు.

"పిల్లర్ నిలబడుతుందంట," అన్నాను. "ఎవరికీ ఏమీ కాదు. రిపోర్టులో రాశారు."

"మంచిది. అందరూ సల్లగుండారు," అంది. "ఒకటి అడుగుతా. ఆ ఇంట్లో పాలు పొంగించిన పొద్దు, అది నిలబడతాదని నీకు తెలుసునా?"

అబద్ధం చెప్పొచ్చు. ఇంజనీరును కదా, లెక్క వేసి చూసుకున్నాను అంటే ఆమెకు ఎలా తెలుస్తుంది? నా నోట్లో ఆ మాట తయారుగా కూడా ఉంది.

"తెలియదు," అన్నాను.

ఆమె ఫోన్ పెట్టలేదు. ఆమె ఊపిరి వినిపిస్తోంది. అవతల పళ్లెం మీద చెంచా చప్పుడు, పాప గొంతు. "ఫోన్లో ఎవరవ్వా?"

"ఎవరూ లేరులేమ్మా. నువ్వు తిను," అంది మా ఆవిడ. తర్వాత ఫోన్ పెట్టేసింది.