నడిమి నిద్రల ముట్టద్దు

నేను నర్సుగ చేరిన కొత్తల గోదావరి గడ్డకు బొగ్గుబాయి కాలనీల ఉన్న దవాఖానల పని. మాది వేములవాడ దిక్కు. మంగళారం పొద్దుగాల పిల్లలకు టాన్సిల్ ఆపరేషన్లు చేసేది. ఆ పూట వరండా అంత మత్తిచ్చే ఈథర్ వాసనే. అందరు ముక్కు మూసుకునేది. నాకైతే ఇప్పటికీ ఆ వాసన యాదికొస్తె ఆ దినాలన్ని కండ్ల ముంగటికొస్తయి.

ఒక మంగళారం ఆరేండ్ల ఆడిపిల్లకు ఆపరేషన్. తల్లి లేదు. తండ్రి బాయిల పనిజేస్తడు, మొదటి షిఫ్టుకు పోయిండు. ఖానాపూర్ కాడి నుంచి నాయినమ్మ తోడొచ్చింది. అంతకు ముందొకసారి వస్తె, పిల్లకు సర్ది ఉన్నదని డాక్టర్ సాబ్ వాపస్ పంపిండట. "సర్దిల మత్తిస్తె గొంతు బిగుసుకపోతది అవ్వా, తగ్గినంక రాండ్రి" అన్నడట. ముసలమ్మ గులుగుకుంటనే పోయి, సర్ది తగ్గినంక మళ్ల తోలుకొచ్చింది.

ఆపరేషన్ మంచిగనే అయింది. పిల్లను తెచ్చి మంచం మీద పండవెట్టినం. మా పెద్ద సిస్టర్ కేరళ మనిషి, గని తెలుగు మాలెక్కనే మాట్లాడేది. తలకింది మెత్త తీసేసి, పిల్లను ఎడమ పక్కకు ఒరగవెట్టింది.

"మొఖం జర కిందికి ఉండాలె, నెత్తురు, ఉమ్మి బయటికి కారిపోవాలె. నువ్వు ముట్టకు, పిలువకు. ఊపిరి చూసుకుంట కూసో" అని చెప్పి లోపటికి పోయింది.

జర సేపటికి పిల్ల పెదవి కొసన నెత్తురు కనవడ్డది. నాయినమ్మ పరేషాన్ అయింది.

"నెత్తురు మింగుతుంది బిడ్డా, జర తుడువరాదు!"

నాకు గూడ గట్లనే అనిపించింది. పట్టుకారు చిమటకు దూది చుట్టి నోట్లె లోపటిదాంక వెట్టిన. పిల్ల అప్పుడు అటు నిద్రల లేదు, ఇటు తెలివిల లేదు. ఒక్కసారి దగ్గింది. కీచుమని చప్పుడయింది. తర్వాత ఆ చప్పుడు గూడ లేదు. ఎద లోపటికి గుంజుకపోతుంది, కడుపు ఎగిరెగిరి పడుతుంది, గాలి మాత్రం పోతలేదు. పెదవులు అల్లనేరేడు పండు తీరు అయినయి.

"సిస్టర్!" అని ఒర్లిన.

ఆమె ఉరికొచ్చింది. రెండు చెవుల కింద వేళ్లు వెట్టి పిల్ల దవడను ముంగటికి లేపింది. "ముక్కు, నోటి మీద ఆక్సిజన్ మూత గట్టిగ పట్టు, సందు ఉండద్దు" అన్నది. నేను రెండు చేతులతోని అదిమి పట్టిన. ఆమె మూతకున్న గాలితిత్తిని మెల్లగ ఒత్తుకుంట ఉన్నది. ఎంత సేపో తెల్వదు. సన్నగ ఈల తీరు ఊపిరి లోపటికి పోయింది. ఎనుక ఇంకొకటి. అప్పుడు పిల్ల గట్టిగ ఏడ్చింది. నాయినమ్మ గోడకు ఒరిగి కూలవడ్డది.

తిడుతదనుకున్న. సిస్టర్ తిట్టలే. చేతులు కడుక్కొని, నాకు చాయ్ పోసిచ్చింది.

"నిండు నిద్రల ఉన్నప్పుడే డాక్టర్ సాబ్ గొంతు సాఫ్ చేసి పంపుతడు. లేకుంటె మంచిగ తెలివొచ్చినంక తుడవాలె. నడిమి నిద్రల ముట్టద్దు. గప్పుడే గొంతు బిగుసుకుంటది" అన్నది.

నేను ఏడ్సుకుంట నాయినమ్మ దగ్గరికి పోయిన. "తప్పు నాది అవ్వా" అన్న.

"నేనే గదనే చెప్పింది" అన్నది ఆమె. మళ్ల నోట మాట జారుతదేమోనని చీర కొంగు నోట్లె కుక్కుకొని, మంచం కాళ్లకాడ కూసున్నది.

షిఫ్టు దిగి తండ్రి వచ్చిండు. తానం చేసినా కంటిరెప్పలకు బొగ్గు నలుపు పోలే. పిల్ల బొంగురు గొంతుతోని "బాపూ, జావ చల్లగుంది, నువ్వు తాగుతవా?" అన్నది. ఆయనకు మేం ఏం జరిగిందో అంత చెప్పినం. బిడ్డ తల నిమురుకుంట ఒక గుక్క జావ తాగిండు.

ఆ తర్వాత మంగళారం వచ్చిందంటె ఆ మంచం కాడ నేనే కూసుంట అని అడిగేదాన్ని. సిస్టర్ బదిలీ అయి పోయేదాంక మేమిద్దరం చెరొక దిక్కు కూసొని, మాటలు లేకుంట పిల్లల ఊపిరి చూసేది. మనసుకు అంత చల్లటి పొద్దులు మళ్ల నాకు దొరకలే.