కాళ్ళకు వినిపించిన కీర్తన

ఈజిప్టులోని మా ఊళ్ళో పెళ్ళిగౌన్లు కుట్టే వగీహాకు మాట్లాడటమంటే ప్రాణం. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని కూడా గలగలా మాట్లాడగలదు. అలాంటి మనిషి, పుట్టుకతోనే ఒక్క మాటా వినబడని సిద్రాక్‌ను ఏరికోరి చేసుకుంది. అతను వడ్రంగి. బట్టలు కత్తిరించే బల్ల చేయించుకుందామని కొట్టుకు వెళ్ళి, పొడవింత, వెడల్పింత, సొరుగులు ఇన్ని అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పిందట. అంతా అయ్యాక అతను నవ్వి, చెవి మీది పెన్సిల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు, గీసి చూపించమని. వారం తిరగకుండా ఆ బల్ల కోసమని నాలుగుసార్లు వెళ్ళింది.

"చెవిటివాడితో ఏం కాపురం చేస్తావే?" అని తండ్రి అడిగితే, "మనింట్లో అందరికీ చెవులున్నాయిగా నాన్నా, నా మాట ఎవరు విన్నారు?" అందట.

ఇరవయ్యారేళ్ళుగా ఇద్దరూ కలిసే మా చర్చికి వస్తున్నారు. ఆమె ఆడవాళ్ళ వైపు, అతను మగవాళ్ళ వైపు, వెనక బల్ల మీద. చుట్టుపక్కల పేటల నుంచి వచ్చే మరో ఏడుగురు చెవిటివాళ్ళూ ఆ బల్ల మీదే కూర్చుంటారు. పెళ్ళైన కొత్తలో వగీహా నడవకు ఇవతలి నుంచి చేతులతో ప్రసంగం చెప్పబోతే, అప్పటి పెద్దలు కేకలేశారు. అందరి చూపూ ఆమె చేతుల మీదికే పోతోందట. అప్పట్నుంచి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఇంటికెళ్ళాక వాక్యం ఎలా ఉందని అడిగితే, సిద్రాక్ చేతులతో చెప్పే జవాబు ఒకటే: "పాస్టరు కొత్త టై కట్టాడు. దాని మీద ములుఖియా ఆకుకూర మరక ఉంది."

కిందటేడు పాస్టర్ రిఫాత్‌గారు ఒక ఉత్తరం చదివి వినిపించారు. ఆరాధనకు కొత్త ఊపిరి పోయాలనుకునే సంఘాలకు కైరోలో ఒక సంస్థ డబ్బు సాయం చేస్తుందట. ఏం చేస్తామో రాసి పంపాలి. అంతే, చర్చి సంతైపోయింది. ఏసీలు కావాలని ఒకరు, షాండ్లియర్ కావాలని ఇంకొకరు. మా సంఘపెద్ద ఫిక్రీగారు లేచి, "ఇవన్నీ కాదు. పెద్ద స్పీకర్లు పెట్టిద్దాం, బజారు చివరిదాకా వినబడాలి" అన్నారు.

వగీహా లేచి నిలబడింది. "ఇంకా పెద్దవా పెద్దయ్యా? ఉన్న స్పీకరు మా ఆయన తల మీదే ఉంది. ఇరవయ్యారేళ్ళయింది, పాపం ఆయనకింకా ఒక్క మాటా అందలేదు."

ముందు ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత చర్చంతా నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఎవరూ స్పీకర్ల మాట ఎత్తలేదు. సంఘమంతా చేతుల భాష నేర్చుకోవాలని తేలింది.

చర్చి ఎదురుగా జిరాక్సు కొట్టు నాదే. ఆ దరఖాస్తు టైపు చేసింది నేనే. 'ఈ పని వల్ల ఆరాధన ఎలా మారుతుంది?' అని ఒక ప్రశ్న.

"రాయి తమ్ముడూ. మా ఆయనకి దేవుడితో మాట్లాడటం వచ్చు. మాకే మా ఆయనతో మాట్లాడటం రాదు. అది నేర్చుకుంటాం."

"ఇంకొంచెం మర్యాదగా రాయొద్దా అక్కా?"

"మర్యాదగా రాస్తే వాళ్ళూ మనలాగే నిద్రపోతారు. అలాగే కొట్టు."

చెక్క నేల ఆలోచన సిద్రాక్‌ది. పెళ్ళిళ్ళలో డప్పులవాళ్ళ పక్కన చెక్క పలకల మీద నిలబడితే పాట అరికాళ్ళలోంచి పైకి ఎక్కుతుందట. చర్చిలోనూ బోలు చెక్క నేల వేస్తే కీర్తన తమకీ తెలుస్తుందని బొమ్మ గీసిచ్చాడు. అదీ జత చేసి పంపాం.

రెండు నెలల తర్వాత ఫోనొచ్చింది. అడిగినదంతా ఇస్తున్నారు. వగీహా సగం కుట్టిన గౌను భుజాన వేసుకుని వీధిలోకి వచ్చి, నాలుక ఆడిస్తూ పెళ్ళికేక పెట్టింది. ఎవరికో సంబంధం కుదిరిందనుకుని ఎదురింటివాళ్ళూ అదే కేక అందుకున్నారు. పక్క సందువాళ్ళు షర్బత్ కలుపుకొచ్చారు. "పెళ్ళికొడుకెవరమ్మా?" అని అడిగితే, సిద్రాక్‌ను చూపించి, "మళ్ళీ ఈయనే!" అంది.

చేతుల భాష పాఠాలు చెప్పడానికి మిన్యా పట్నం నుంచి నషాత్ మాస్టారు వచ్చేవారు. ఆయనా చెవిటివాడే. గురువారం గురువారం యాభైమందిమి చేతులు తిప్పుతూ కూర్చునేవాళ్ళం. వెనక బల్లవాళ్ళు ఎనిమిదిమందీ ఇప్పుడు ముందు బల్ల మీద కూర్చుని, మా తంటాలు చూసి కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఒక గురువారం ఫిక్రీగారు కళ్ళు మూసుకుని, ఎంతో భక్తిగా, పరలోక ప్రార్థన చేతులతో చేశారు. 'అనుదినాహారం' దగ్గర ఒక వేలు వంకర పోయింది. ముందు బల్ల మొత్తం ఒకరి మీద ఒకరు పడిపోయారు.

"ఏమన్నానే వగీహా?"

"ఏం లేదు పెద్దయ్యా. మా అనుదిన గాడిదను నేడు మాకు దయచేయుమన్నారు."

ఫిక్రీగారు ముఖం ముడుచుకోబోయి, ముడుచుకోలేక, పగలబడి నవ్వారు. అప్పట్నుంచి ఆ గుర్తు మాత్రం ఆయన ఎప్పుడూ తప్పు పెట్టలేదు.

మట్టల ఆదివారానికి చెక్క నేల సిద్ధమైంది. వాకిట్లో చెప్పుల గుట్ట. పెద్ద డప్పు మోగింది. పలకలు అదిరాయి, మా పిక్కల్లోకి చక్కిలిగింతలు ఎక్కాయి. సిద్రాక్ ముందు నిలబడి చేతులతో హోసన్నా కీర్తన ఎత్తుకున్నాడు. తాళం ఎక్కడా తప్పలేదు. మట్టలు ఊపుతూ మేమూ చేతులు కలిపాం. వగీహా కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక బుగ్గ భుజానికి రాసుకుంది.

ప్రసంగం మొదలైన కాసేపటికి ఎవరో పెళ్ళికూతురి సామాను ఊరేగింపు వచ్చింది. ఫ్రిజ్జూ, పరుపులూ, నిలువెత్తు స్పీకర్లూ మోసుకొచ్చిన ట్రక్కులు సరిగ్గా మా కిటికీ కింద ఇరుక్కుపోయాయి. ఆ మోతలో పాస్టరుగారి పెదాలు కదలడం తప్ప మాకేమీ తెలియలేదు. పక్కనే నిలబడి పెదాలు చదువుతూ వగీహా చేతులతో చెబుతూనే ఉంది. ఉన్నట్టుండి చెవిటివాళ్ళు ఎనిమిదిమందీ ఘొల్లున నవ్వి ఫిక్రీగారి వైపు చూశారు.

"ఏంటి? నా గురించేం అన్నాడు?" ఫిక్రీగారు అరిచారు. ఎవరికి తెలుసు గనక!

సిద్రాక్ లేచి వచ్చి, ఆయనకు అర్థమయ్యేలా నిదానంగా చేతులు కదిపాడు. పాస్టరుగారన్నది ఇదీ: యేసు ఎక్కడానికి గాడిదను అడగ్గానే ఇచ్చేశాడట ఆ మనిషి. మన ఫిక్రీగారినేమో చర్చి పనికి నిచ్చెన అడిగి మూడు వారాలైంది.

ఫిక్రీగారికి మొత్తం అర్థమైంది. చెవులదాకా ఎర్రబడ్డారు. సిద్రాక్ చేతులు చూస్తున్న మాకూ ఒకరి తర్వాత ఒకరికి అందింది. నవ్వు బల్ల నుంచి బల్లకు పాకింది. చివరికి పాస్టరుగారు మైకు పక్కన పెట్టేశారు. మిగతా ప్రసంగమంతా, ట్రక్కులు కదిలేదాకా, వగీహా చేతుల్లోంచే చూశాం.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన చర్చిలో ఉంది.

ఈ వేసవిలో సిద్రాక్‌ను సంఘపెద్దగా ఎన్నుకున్నాం. చప్పట్లు కొట్టలేదు, అందరం చేతులెత్తి గాలిలో ఆడించాం. చెవిటివాళ్ళ చప్పట్లు అలాగే ఉంటాయి. ఆ పూట విందులో కిటికీలకు ఏ రంగు వేయాలన్న దగ్గర సిద్రాక్‌కూ ఫిక్రీగారికీ పడలేదు. ఇద్దరూ లేచి నిలబడి, పళ్ళేల మీదుగా చేతులు విసురుకుంటున్నారు. ఫిక్రీగారికి మాటలు చాలక, "వగీహా, నీ మొగుడేదో తిడుతున్నాడు, కాస్త చెప్పవే!" అని కేకేశారు.

వగీహా రెండు చేతులా తేనె కారే ఫితీర్ రొట్టె పట్టుకుని ఉంది.

"నేను తింటున్నాను పెద్దయ్యా, మీరే తేల్చుకోండి."