విన్నీ వదిన దులపని పెట్టె

దక్షిణ అట్లాంటిక్ నడుమ మా ట్రిస్టన్ దీవిలో సముద్రం మనిషిని ఒకచోట కుదురుగా కూర్చోనివ్వదు. గాలి పడి అలలు తగ్గాయంటే ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి ఆకాశం చూస్తుంది. నీళ్ళు ఎంతసేపు ఊరుకుంటాయో ఎవరికీ తెలియదు. ఆ పొద్దున గాలి పడింది. సెలవు పెట్టి సముద్రపక్షుల గుడ్లు ఏరుకోవడానికి ఊరివాళ్ళు పడవలో నైటింగేల్ దీవికి వెళ్ళవలసిన రోజు.

నైటింగేల్ అంటే పాటల పిట్ట, పేరు చూసి అక్కడ ఆ పిట్టలు పాడతాయనుకునేవాళ్ళున్నారు. అది పాతకాలపు కెప్టెన్ ఒకడి ఇంటిపేరు. ఓడల వాళ్ళు పేర్లొక్కటే వదిలి వెళితే బాగుండేది. మా పెద్ద దీవి మీద ఎలుకల్నీ చిట్టెలుకల్నీ కూడా వదిలారు. నైటింగేల్‌కి అవి ఇంకా చేరలేదు. అక్కడొక లావుముక్కు పిచ్చుక ఉంది, లోకంలో మరెక్కడా లేదు. దీవిచెట్టని మేమనే చెట్టు కాయ పగలగొట్టడానికే దానికా ముక్కు. ఆ చెట్లను ముందు పొలుసుపురుగు పీల్చింది, తర్వాత తుపాను పడగొట్టింది. మిగిలిన కొద్ది జంటలకూ తిండి తరిగిపోతోంది.

విన్నీ వదిన ఆ చెట్టు గింజలు తెప్పించి, పెరట్లో పాత చేపల పెట్టెల్లో మొక్కలు పెంచింది. విన్నీ అందరికీ వదినే. మా ఊళ్ళో ఏదో ఒక వరుస కలవని మనిషి లేడు. మొక్కలు మోకాలెత్తు ఎదిగాయి. వాటిని నాటడానికి ఆవిడ కూడా ఆ పడవలోనే బయలుదేరింది.

వదిన అసలు ఉద్యోగం వేరు, ఎలుకా పురుగూ కలుపుగింజా నైటింగేల్ చేరకుండా చూడడం. నైటింగేల్ వెళ్ళే ప్రతి సంచీ రేవు పక్క గదిలో ఆవిడ ముందు బోర్లించాల్సిందే. దుప్పట్లు దులుపుతుంది, బూట్ల అడుగున మట్టి గీకుతుంది, రొట్టెల మూట కూడా విప్పిస్తుంది. ఆవిడ మరిది క్లెమెంట్ పడవ సరంగు. అత్తగారి కంటే వదినంటేనే తనకు ఎక్కువ భయమని ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. ఆ పొద్దున అతని కోటు మడతలోంచి కూడా ఆవిడ ఓ గడ్డిగింజ ఏరింది.

"అందరివీ దులుపుతావు. మరి నీ పెట్టెలు ఎవరు దులపాలి వదినా?" అన్నాడు క్లెమెంట్.

"బోర్లిస్తే వేళ్ళు తెగి చస్తాయిరా. ఆకు ఆకూ కడిగాను."

"ఆకులకు కాళ్ళుంటాయా?"

అందరూ నవ్వారు, వదిన కూడా నవ్వింది. పెట్టెలు పడవకెక్కాయి. కానీ ఆవిడ గట్టు మీద నిలబడలేకపోయింది. అటు నడిచింది, ఇటు నడిచింది. చేతులు వాసన చూసుకుంది, గొర్రెబొచ్చు వాసన.

మాలో బంగాళాదుంప నాటితే కింద గుప్పెడు పాత గొర్రెబొచ్చు ఎరువుగా కూరుతారు. అలవాటైన చేయి, మనసునడగదు. మొక్కల కింద కూడా వదిన అదే కూరింది. చిట్టెలుకకు అంతకంటే మెత్తని పడకేది?

పడవను నీళ్ళలోకి దించే క్రేన్ గొలుసు బిగుస్తుండగా ఆపమంది. గట్టిగా కూడా అనలేదు. మొదటి పెట్టెలో చేయి పెట్టి మొక్క లాగింది. వేళ్ళు పుటపుట తెగాయి, బొచ్చులో ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు. గాలి తిరుగుతోంది, సరదాకన్నాను, వదిలెయ్యమని క్లెమెంట్ బతిమాలాడు. ఆవిడ మూడోది లాగింది. బొచ్చులో ఎర్రగా, కళ్ళు తెరవని చిట్టెలుక పిల్లలు.

తల్లి లేదు.

దక్షిణాన గఫ్ దీవిలో చిట్టెలుకలు గూట్లో పక్షిపిల్లల్ని బతికుండగానే కొరుక్కు తింటాయి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పగా మేమంతా విన్నదే. పడవలో తల్లి ఒక్కటి దాక్కుని వెళ్ళినా చాలు, పిచ్చుక పని అయిపోయినట్టే.

తల్లి పెరట్లోనే ఉండిపోయి ఉంటుంది, పదండని కొందరన్నారు. సెలవు పోతోందని, గుడ్లు పోతున్నాయని మరికొందరు గొణిగారు. మాకు ఏటా ఎలుకల వేట పండుగ ఉంది. జట్లు కట్టి, మళ్ళ గోడలు విప్పి, పట్టిన తోకలు కొలుస్తారు. పొడుగు తోక బహుమతి ఎప్పుడూ క్లెమెంట్ జట్టుదే. ఆ జట్టునే పిలిపించాడు, కుక్కల్ని తెప్పించాడు. సామానంతా గట్టున పడింది. పడవ అడుగు పలకలు ఒక్కొక్కటే లేచాయి. ఈలోగా కొండ మీద మబ్బు కూర్చుంది, రేవు బయట నీళ్ళు తెల్లబడ్డాయి. చివరికి ముందు భాగంలో తాళ్ళ చుట్ట కింద కుక్క దాన్ని పట్టింది. పట్టేసరికి అలలు రేవు గోడెక్కుతున్నాయి. పడవ కదల్లేదు.

"తిట్టుకుంటే తిట్టుకోండి," అంది వదిన, ఎవరి ముఖమూ చూడకుండా. "బొచ్చు పెట్టింది నేనే."

"తిట్టుకోవడం రేపు చూద్దాం. ముందు బక్కెట్లు పట్టుకురండి," అన్నాడు క్లెమెంట్.

ఉన్న మొక్కలన్నీ మట్టి వదిలేదాకా కడిగి, కాల్చిన ఇసకలో నిలబెట్టారు. మళ్ళీ గాలి పడేసరికి చాలా వారాలు గడిచాయి. చాలా మొక్కలు ఎండిపోయాయి. మిగిలినవాటిని తడిగోనెలో చుట్టుకుని వదిన రేవు పక్క గదిలోకి వచ్చి, తనే క్లెమెంట్ ముందు విప్పి పరిచింది. అతను ఒక్కో వేరూ వెలుతురుకెత్తి చూశాడు. ఈసారి హాస్యమాడలేదు.

పడవ రేవు దాటుతుంటే గట్టు మీంచి చూశాను. అందరూ ముందుకు, నైటింగేల్ వైపు చూస్తున్నారు. వదిన ఒక్కతే తల వంచుకుని, కోటు జేబులు బయటికి లాగి మళ్ళీ దులుపుకుంటోంది.