బావ వెనకాల ఇటుక గోడ

మా బావ కూర్చునే కాఫీ షాపు మీద నాకున్న కుళ్ళు ఇంకే మనిషి మీదా, ఇంకే ఆస్తి మీదా లేదు. అది విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకి రెండు వీధుల వెనక ఉందట. నేనెప్పుడూ వెళ్ళలేదు. కానీ ప్రతి సోమవారం పదకొండు గంటలకి వీడియో మీటింగులో దాన్ని చూస్తాను. ఎర్ర ఇటుక గోడ, పైనుంచి వేలాడే పసుపు దీపం, మూలన ఒక పచ్చటి మొక్క, వాటి ముందు మా బావ. తాగే ముందు కప్పు కాస్త వంచుతాడు. కాఫీ నురగ మీద గీసిన ఆకు మాకు కనిపించాలనే వంచుతాడని నా గట్టి నమ్మకం.

ఆయన మా మేనమామ కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. ఇద్దరం ఒకే కంపెనీలో ఒకే రోజున చేరాం. ఫోన్ యాపుల్లో కనిపించే మాటల్ని తెలుగులో రాయడం మా పని. ఈ మధ్య మా టీముకి లీడు కావలసి వచ్చింది. మా ఇద్దరిలో ఒకరికే ఇస్తానన్నాడు మేనేజరు. లీడు అయినవాడు క్లయింటుతో గంటసేపు తెగకుండా వీడియోలో మాట్లాడగలగాలి కనుక, చెరొకసారి మాట్లాడి చూపించమన్నాడు. బావ తన గంట ఆ ఇటుక గోడ ముందు పూర్తి చేసేశాడు. అయిపోయాక క్లయింటు మేడమ్ అడిగిన మొదటి మాట, "ఎక్కడండీ ఆ కాఫీ షాపు? భలే ఉంది." నాకు ఒళ్ళు మండిపోయింది.

నేనుండేది మందస దగ్గర ఊళ్ళో. నా భార్య అక్కడి బళ్ళో టీచరు, కాబట్టి మేం కదిలేది లేదు. ఇంట్లో సిగ్నలు కావాలంటే మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడాలి. అందుకని ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని నేనూ ఒక కాఫీ షాపు వెతుక్కుందామని బయల్దేరాను. పలాసలో టిఫిను హోటల్లో ఇడ్లీ అయ్యేవరకే మర్యాద. "తిన్నారు కదా బాబూ, లెగండి, జనాలు నిలబడిపోనారు" అన్నారు. రైల్వే స్టేషన్లో నేను ఒక వాక్యం మొదలుపెడితే, దాన్ని మైకు పూర్తి చేసేది. టెక్కలిలో ఏసీ ఉన్న కొత్త షాపు ఒకటి దొరికింది. సంబరపడి లోపలికెళితే రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుని పెళ్ళిచూపుల్లో ఉన్నాయి. యజమాని నన్ను పక్కకి పిలిచి, "తమరు అబ్బాయి తరపా, అమ్మాయి తరపా?" అని అడిగాడు. మర్నాడు వెళితే వేరే రెండు కుటుంబాలు ఉన్నాయి, ప్రశ్న మాత్రం అదే.

చివరికి కాశీబుగ్గలో ఒక బేకరీ వెనక గది దొరికింది. ఫ్యాను, ప్లగ్గు, ఒక కిటికీ. అవతల జీడిపప్పు బట్టీ ఉంది. గాలి ఇటు తిరిగితే కళ్ళు మండుతాయి. కాఫీ మిషన్లోంచి వస్తుంది, పాకంలా ఉంటుంది. ఒకరోజు చెంచాతో నురగ మీద ఆకు గీద్దామని చూశాను. పీతలా వచ్చింది.

అక్కడా ఒక చిక్కు వచ్చిపడింది. మా వైపు షాపులో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నవాడు ఆన్‌లైన్ పనులు చేసిపెట్టేవాడే. వేరే సంగతి జనం ఊహకే రాదు. రెండో రోజే ఒకాయన ఆధార్ కార్డు నా కీబోర్డు మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. మూడో రోజుకి హాల్ టికెట్లు, రేషను కార్డులు వచ్చాయి. వారం తిరిగేసరికి బేకరీవాళ్ళే "ఆన్‌లైన్ బాబు ఎనకాల ఉన్నాడు, ఎల్లండి" అని పంపించడం మొదలుపెట్టారు. విశాఖపట్నంలో బావని రోజంతా ఒక్కరూ కదపరు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆధార్ కార్డులన్నీ కిటికీలోంచి విసిరెయ్యాలనిపించేది.

నా గంట రానే వచ్చింది. ఆ క్లయింటుది సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి వాతావరణం చెప్పే యాపు. అందులో సగం తెరల మీది మాటలు నేను రాశాను, హెచ్చరికలన్నీ బావ వాటా. తలుపు దగ్గరికి వేసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ ముప్పావుగంట బాగానే లాక్కొచ్చాను. అప్పుడు తలుపు తోసుకుని ఒక ముసలమ్మ వచ్చింది. ఎండుచేపల బుట్ట కింద దించి, ఫోను నా మొహం మీద పెట్టింది.

"బాబూ, ఇదేటి సెప్తందో సూడు. మావోడు ఒడ్డున కూకున్నాడు. యేటకి యెల్లొచ్చా, యెల్లకూడదా?"

ఫోన్లో ఉన్నది మా యాపే. "తీరప్రాంతంలో ప్రతికూల వాతావరణ పరిస్థితులు నెలకొన్నందున వేటపై ఆంక్షలు అమలులో ఉన్నవి." హెచ్చరిక! బావ వాటా! నాకు కలిగిన ఆనందం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ముందు ఆమెకి, "వెళ్ళకూడదమ్మా, గాలి వస్తోందట, ఆగమని చెప్పు" అన్నాను. ఆమె కొడుక్కి ఫోన్ చేసి చెప్పేదాకా ఆగాను. తర్వాత కెమెరా ఆమె వైపు తిప్పి, "ఇది చదివితే నీకేం అర్థమైందో వీళ్ళకి చెప్పమ్మా" అన్నాను.

"నాకేటీ తెలీనేదు. ఎవులు రాసినార్రా బాబూ ఇది?"

"విశాఖపట్నంలో ఏసీలో కూర్చుని కాఫీ తాగే బాబొకడు రాశాడమ్మా."

తెర మీద ఎవరూ నవ్వలేదు. మేడమ్ చాలా నెమ్మదిగా, "ఇది రాసిందెవరు?" అని అడిగింది. మీటింగులోనే ఉన్న బావ కప్పు కింద పెట్టాడు. ఒక్క క్షణం నా వైపే చూసినట్టనిపించింది.

"హెచ్చరికలు నావేనండి. తప్పు నాదే, ఇవాళే మార్చేస్తాను" అన్నాడు.

మీటింగు అయ్యాక గెలిచినవాడిలా పాత ఫైలు తెరిచాను. ఆ వాక్యం పక్కన నా పేరుంది. బావ జ్వరమని సెలవు పెట్టిన రోజున, ఆయన బదులు నేను రాసిచ్చినది. ఆయనకి గుర్తుంది, నాకు లేదు. అప్పుడే ఎందుకు చెప్పలేదని ఫోన్ చేసి అడిగాను. "ఆ ముసిలమ్మ ముందర నీ పరువు తియ్యమంటావేటి బావా" అని నవ్వేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనం కూడా ఇటుక గోడ ముందు పసుపు వెలుగులో చక్కగా కనిపించింది. దాని మీదా కుళ్ళుకున్నాను.

లీడు ఆయనకే ఇచ్చారు. తప్పు ఒప్పుకునే మనిషని మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. నేను చప్పట్లు కొట్టాను. నిజం చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకున్నాను.

పది రోజుల తర్వాత ముసలమ్మ మళ్ళీ వచ్చింది. మనవడికి క్రీమ్ బన్ను కొనడానికి వచ్చి, నన్ను చూసి వెనక గదిలోకి నడిచింది.

"ఆ ఇశాపట్నం బాబుకి సెప్పినావా, అలగ రాయొద్దని?"

ఆమెకి అబద్ధం చెప్పినా ఎవరికీ తెలియదు. అయినా నోట్లోంచి నిజమే వచ్చింది.

"అతను కాదమ్మా. రాసింది నేనే."

ఆమె నన్నూ, నా ల్యాప్‌టాపునీ, నురగ ఆరిపోయిన కాఫీనీ తేరిపార చూసింది.

"ఇక్కడే కూకుంతావు కదా బాబూ. నన్నో మాట అడక్కపోనావా?"

ఆమె బుట్ట దించి ఎదురు కుర్చీలో కూర్చుంది. నేను పాత ఫైల్లో నా హెచ్చరిక తెరిచి, ఏ మాట తెలుస్తోందో ఏది తెలియట్లేదో ఆమెనే అడుగుతూ, మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టాను.